పీపీసీ ప్రకటనలను క్లిక్ ఫ్రాడ్ నుంచి కాపాడుకోవడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా వరుసగా

"ఉదయం పది దాటకముందే రోజు బడ్జెట్ అయిపోతోంది. ఒక్క ఫోన్ కూడా రావట్లేదు. ఎవరో కావాలనే క్లిక్ చేస్తున్నారు. ఆ ఐపీని బ్లాక్ చేసేదెలా?" పీపీసీ, అంటే ఒక్కో క్లిక్‌కు డబ్బు కట్టే ప్రకటనలను, సొంతంగా నడుపుకొనేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఇలా డబ్బు పోయేలా చేసే దొంగ క్లిక్‌లనే క్లిక్ ఫ్రాడ్ అంటారు.

ఐపీ (ఇంటర్నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే అంకెల అడ్రస్) బ్లాక్ చేయడం రెండు నిమిషాల పని. కానీ ఈ వ్యవహారంలో దాని వంతు దాదాపు చివర్లో వస్తుంది. డబ్బు ఎక్కువగా పోయేది పట్టించుకోకుండా వదిలేసిన సెట్టింగ్‌ల వల్ల, దొంగ లీడ్‌లను (లీడ్ అంటే ఆసక్తితో వివరాలు ఇచ్చిన మనిషి) నిజమైనవిగా లెక్కించే కన్వర్షన్ ట్రాకింగ్ వల్ల. క్లిక్ చేసినవాళ్లలో ఎవరు ఫారం నింపారో, ఫోన్ చేశారో లెక్కపెట్టేదే కన్వర్షన్ ట్రాకింగ్. అందుకే ఇక్కడ వరుస వేరుగా ఉంటుంది: ముందు సాక్ష్యం పోగుచేయాలి, తర్వాత అసలు తేడా ఎక్కడుందో చూడాలి, ఆపైన సెట్టింగ్‌లు బిగించాలి, సైట్‌లో కస్టమర్లు వివరాలు నింపే ఫారాన్ని కాపాడాలి. బ్లాకింగ్, ఫిర్యాదు ఆ తర్వాతే.

ప్రధానంగా గూగుల్ యాడ్స్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్), మైక్రోసాఫ్ట్ యాడ్స్‌లో తేడా ఉన్నచోట చెప్తాను. మెనూల పేర్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి, పేరు అచ్చం అలాగే కనిపించకపోతే ఆ పని చేసే సెట్టింగ్ కోసం వెతకండి.

## 1. ముందు ఏది మోసమో తేల్చుకోండి

పనికిరాని క్లిక్‌లన్నీ మోసం కాదు. వీటిని విడదీయకపోతే మందు ఒకచోట, నొప్పి ఇంకోచోట అవుతుంది.

గూగుల్ ఇప్పటికే తీసేసినవి. డబుల్ క్లిక్‌లో రెండోది, తెలిసిన బాట్‌ల (మనిషి లేకుండా నడిచే ప్రోగ్రాముల) క్లిక్‌లు, అసహజంగా కనిపించే క్లిక్‌లు చాలావరకు బిల్లులోకి రాకుండానే పోతాయి. వీటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

పొరపాటు క్లిక్‌లు. మొబైల్ గేమ్‌లో ఆడుతూ ఆడుతూ వేలు తగిలి పడేవి. క్లిక్ చేసింది నిజమైన మనిషే, కానీ మీ సరుకుతో ఆయనకు పనిలేదు. ఇతరుల సైట్‌లలో, యాప్‌లలో కనిపించే డిస్‌ప్లే ప్రకటనల్లో ఇవే ఎక్కువ.

తప్పు జనం. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, ఉచితంగా కావాలనేవాళ్లు, మీరు సర్వీస్ ఇవ్వని ప్రాంతంవాళ్లు. ఇది కీవర్డ్ (ఏ పదంతో వెతికితే ప్రకటన కనిపించాలో మీరు ఎంచుకున్న పదం) సమస్య. ఫలానా పదాలతో వెతికితే ప్రకటన చూపొద్దని చెప్పే నెగటివ్ కీవర్డ్‌లతో తీరుతుంది.

నిజమైన మోసం. పోటీదారు మీ బడ్జెట్ ఖాళీ చేయడానికి చేసే క్లిక్‌లు, తన సైట్‌లోనో యాప్‌లోనో ప్రకటనలు పెట్టుకున్నవాడు ఆదాయం కోసం చేయించే క్లిక్‌లు, బాట్‌నెట్‌లు (దొంగలు తమ అదుపులోకి తెచ్చుకున్న కంప్యూటర్ల గుంపులు), క్లిక్ ఫామ్‌లు (డబ్బుకు క్లిక్ చేసే జనం).

అందరి అనుమానమూ మొదట పోటీదారు మీదికే పోతుంది. నా లెక్కలో వాళ్ల వాటా జనం అనుకునేంత ఉండదు. సెర్చ్‌లో అది జరగొచ్చు. డిస్‌ప్లే, యాప్‌లలో మాత్రం క్లిక్ వల్ల డబ్బు ఎవరి జేబులోకి వెళ్తోందో చూస్తే చాలు, దొంగ ఎవరో అర్థమవుతుంది.

## 2. సాక్ష్యం పోగయ్యే ఏర్పాటు

దాడి మొదలయ్యాక లాగ్‌ల (సైట్‌కు ఎవరు, ఎప్పుడు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టాల) కోసం వెతకడం అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఈ ఏర్పాటు ఈరోజే చేసిపెట్టండి.

ఆటో ట్యాగింగ్ ఆన్‌లో ఉండాలి. ఇది సాధారణంగా ప్రతి క్లిక్‌కూ జీక్లిడ్ (gclid) అనే ప్రత్యేక గుర్తును ల్యాండింగ్ పేజీ (క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీ) అడ్రస్ చివర తగిలిస్తుంది. మిగతా దర్యాప్తంతా దీని మీదే ఆధారపడుతుంది. మీ సైట్ రీడైరెక్ట్ అయ్యేటప్పుడు (ఒక అడ్రస్ నుంచి ఇంకో అడ్రస్‌కు మళ్లేటప్పుడు) ఆ గుర్తు రాలిపోతోందేమో చూడండి. ల్యాండింగ్ పేజీ అడ్రస్‌కు ఏదో ఒక ఉత్తుత్తి జీక్లిడ్ చేత్తో తగిలించి తెరవండి. పేజీ పూర్తిగా వచ్చాక కూడా అది అడ్రస్‌లో ఉంటే సరే.

సర్వర్ లాగ్‌లు కనీసం 90 రోజులు దాచండి. చాలా హోస్టింగ్ ప్యాకేజీలలో పాత లాగ్‌లు కొద్ది రోజులకే చెరిగిపోతాయి. హోస్టింగ్ ప్యానెల్‌లో ఆర్కైవ్ ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేయండి. ఐపీ అడ్రస్‌ను వ్యక్తిగత సమాచారంగా చూసే చట్టాలు చాలాచోట్ల ఉన్నాయి కనుక, ఎందుకు దాస్తున్నారో, ఎన్నాళ్లు దాస్తారో మీ ప్రైవసీ పాలసీలో ఒక వాక్యం రాయండి.

లాగ్‌లో అసలు ఐపీ పడుతోందా? క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (సందర్శకుడికీ మీ సర్వర్‌కూ మధ్య నిలబడి పేజీలు అందించే సర్వీసు) వెనక సైట్ ఉంటే, సర్వర్ లాగ్‌లో సందర్శకుడి ఐపీకి బదులు సీడీఎన్ ఐపీలు కనిపిస్తాయి. చూసేవాళ్లకు "నాలుగైదు ఐపీల నుంచే వేల క్లిక్‌లు వస్తున్నాయి" అనిపిస్తుంది, గుండె గుభేల్‌మంటుంది. సీడీఎన్ పంపే హెడర్ నుంచి అసలు ఐపీని లాగ్‌లో రాసేలా సర్వర్‌ను సెట్ చేయించండి. మీ ఫోన్‌లో మొబైల్ డేటాతో సైట్ తెరిచి, మీ ఐపీయే లాగ్‌లో పడిందో లేదో సరిచూడండి.

లీడ్‌తో పాటు జీక్లిడ్ కూడా భద్రం కావాలి. ఫారంలో కనిపించని ఒక ఫీల్డ్ పెట్టి, జీక్లిడ్, సమయం, ల్యాండింగ్ పేజీ మూడూ లీడ్ షీట్‌లోకి చేరేలా చేయండి. ఏడో మెట్టులో దీని విలువ తెలుస్తుంది.

కాలమ్‌లు తెచ్చుకోండి. క్యాంపెయిన్ పట్టికలో "ఇన్వాలిడ్ క్లిక్స్", "ఇన్వాలిడ్ క్లిక్ రేట్" కాలమ్‌లు వాటంతట అవి కనిపించవు, మీరే చేర్చుకోవాలి. మైక్రోసాఫ్ట్ యాడ్స్‌లో ఇదే సమాచారం "లో క్వాలిటీ క్లిక్స్" పేరుతో ఉంటుంది. మెటాలో "లింక్ క్లిక్స్" పక్కనే "ల్యాండింగ్ పేజ్ వ్యూస్" పెట్టుకోండి.

చెక్‌లిస్ట్:

- ఆటో ట్యాగింగ్ ఆన్, రీడైరెక్ట్ తర్వాత కూడా జీక్లిడ్ నిలుస్తోంది
- లాగ్ ఆర్కైవ్ ఆన్, అసలు ఐపీ పడుతోంది
- లీడ్ షీట్‌లో జీక్లిడ్, సమయం కాలమ్‌లు ఉన్నాయి
- ఇన్వాలిడ్ క్లిక్‌ల కాలమ్‌లు పట్టికలో కనిపిస్తున్నాయి
- ఆఫీసులో అందరికీ చెప్పారు: మన ప్రకటన మనం గూగుల్‌లో వెతికి క్లిక్ చేయొద్దు, యాడ్ ప్రివ్యూ టూల్‌లోనే చూడాలి

చివరిది చిన్న విషయంలా అనిపిస్తుంది. "మన యాడ్ వస్తోందా లేదా" అని రోజూ వెతికి చూసే మేనేజర్లు ఉన్నచోట సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

## 3. మామూలు రోజులు ఎలా ఉంటాయో రాసిపెట్టుకోండి

అంతా సవ్యంగా ఉన్న రెండు మూడు వారాల అంకెలు ఒక షీట్‌లో ఉండాలి: రోజువారీ క్లిక్‌లు, గంటలవారీ ఖర్చు, ఇన్వాలిడ్ క్లిక్ రేట్, ఫారం నింపినవాళ్ల శాతం, పనికొచ్చిన లీడ్‌ల సంఖ్య.

ఇన్వాలిడ్ క్లిక్ రేట్ చదవడంలో చాలామంది పొరబడతారు. "క్లిక్స్" కాలమ్‌లో కనిపించేవి వడపోత తర్వాత మిగిలినవి. ఉదాహరణకు క్లిక్స్ 880, ఇన్వాలిడ్ క్లిక్స్ 120 ఉంటే మొత్తం 1000, రేటు 12 శాతం. ఆ 120కి మీరు డబ్బు కట్టలేదు. కాబట్టి ఈ రేటు ఎక్కువగా ఉండటమే నష్టం కాదు. రేటు ఒక్కసారిగా పెరిగితే మాత్రం ఎవరో గట్టిగా తట్టి చూస్తున్నారని, వడపోతకు చిక్కకుండా కొన్ని దాటిపోయి ఉండొచ్చని అర్థం. అలారంగా దీనికి విలువ ఉంది. నష్టాన్ని మాత్రం దీంతో కొలవలేం.

## 4. అనుమానం వచ్చినప్పుడు చూడాల్సిన వరుస

ఖర్చు పెరిగింది, లీడ్‌లు పడిపోయాయి. ఇప్పుడు కింది వరుసలోనే వెళ్లండి. తేలిగ్గా తేలిపోయేవి ముందు పెట్టాను.

ఒకటి, చేంజ్ హిస్టరీ (అకౌంట్‌లో చేసిన మార్పుల చిట్టా). మీ టీమ్‌లో ఎవరైనా కీవర్డ్ మ్యాచ్ టైప్ (వెతికిన మాట కీవర్డ్‌కు ఎంత దగ్గరగా ఉండాలనేది) మార్చారా, బడ్జెట్ పెంచారా, ఆటోమేటిక్ సిఫార్సులను ఆమోదించారా?

రెండు, బడ్జెట్ నియమం. గూగుల్ ఒక రోజున మీ రోజువారీ బడ్జెట్‌కు రెండింతల దాకా ఖర్చు పెట్టగలదు. నెల మొత్తంలో మాత్రం రోజువారీ బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటదు. ఒక్క రోజు ఖర్చు రెట్టింపైతే అది మోసమే కానక్కర్లేదు.

మూడు, ట్రాకింగ్ పనిచేస్తోందా? ఫారం మీరే నింపి చూడండి. సైట్ అప్‌డేట్‌లో ట్యాగ్ (కన్వర్షన్‌ను లెక్కపెట్టే కోడ్ ముక్క) ఊడిపోతే లీడ్‌లు వస్తూనే ఉన్నా రిపోర్టులో సున్నా కనిపిస్తుంది.

నాలుగు, నెట్‌వర్క్ వారీగా విడదీయండి. సెగ్మెంట్‌లో నెట్‌వర్క్ ఎంచుకుంటే గూగుల్ సెర్చ్, సెర్చ్ పార్ట్‌నర్స్ (గూగుల్ సెర్చ్ ప్రకటనలు చూపే ఇతర సైట్‌లు), డిస్‌ప్లే అంకెలు విడివిడిగా వస్తాయి. చాలా "దాడులు" ఈ ఒక్క క్లిక్‌తో తేలిపోతాయి. సెర్చ్‌లో అంతా మామూలుగానే ఉంటుంది, పెరుగుదలంతా పార్ట్‌నర్స్‌లోనో డిస్‌ప్లేలోనో ఉంటుంది.

ఐదు, ప్రాంతం. మీరు టార్గెట్ చేసిన ప్రాంతాల పట్టిక చూస్తే చాలదు. యూజర్ నిజంగా ఎక్కడున్నాడో చెప్పే రిపోర్ట్ వేరే ఉంది, దాన్ని చూడండి.

ఆరు, గంట, డివైస్, కీవర్డ్. ఒకే గంటలో, ఒకే రకం డివైస్ నుంచి, ఒకే ఖరీదైన కీవర్డ్ మీద క్లిక్‌లు పోగవుతుంటే అనుమానం బలపడుతుంది. జనం నిజంగా వెతికిన మాటలు చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టులో ఒకే పదబంధం అక్షరం పొల్లు పోకుండా మళ్లీ మళ్లీ వస్తుంటే ఇంకా బలపడుతుంది.

ఏడు, క్లిక్‌లు, సెషన్‌ల తేడా. గూగుల్ అనలిటిక్స్ లాంటి రిపోర్టుల్లో సెషన్‌లు (సైట్‌కు వచ్చిన సందర్శనలు) క్లిక్‌ల కంటే కొంత తక్కువగా ఉండటం సహజం. పేజీ తెరుచుకునేలోపే వెనక్కి వెళ్లేవాళ్లు ఉంటారు, కుకీలకు ఒప్పుకోనివాళ్లు ఉంటారు, యాడ్ బ్లాకర్లు ఉంటాయి. ఎప్పుడూ ఉండే తేడా హఠాత్తుగా రెండింతలైతే మాత్రం ముందు పేజీ వేగం చూసి, తర్వాత లాగ్‌లు తెరవండి.

## 5. లాగ్ చదవడం

భయపడాల్సినంత పని కాదు. లాగ్‌లో జీక్లిడ్ ఉన్న వరుసలను మాత్రం వేరుచేసి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టండి. సమయం, ఐపీ, జీక్లిడ్, యూజర్ ఏజెంట్ (వచ్చినవాళ్ల బ్రౌజర్ ఏదో చెప్పే వివరం) కాలమ్‌లు చాలు. ఒక ఊహాత్మక ముక్క చూద్దాం. జీక్లిడ్‌లు నిజానికి చాలా పొడుగ్గా ఉంటాయి, ఇక్కడ అక్షరాలతో కుదించాను.

- 02:14:07 — 203.0.113.37 — జీక్లిడ్ అ
- 02:14:09 — 203.0.113.37 — జీక్లిడ్ అ
- 02:16:31 — 203.0.113.37 — జీక్లిడ్ ఆ
- 02:18:55 — 203.0.113.52 — జీక్లిడ్ ఇ
- 02:21:19 — 203.0.113.37 — జీక్లిడ్ ఈ

ఐదు వరుసలున్నా క్లిక్‌లు నాలుగే. రెండో వరుసలో జీక్లిడ్ మారలేదు. అంటే అదే పేజీ మళ్లీ లోడ్ అయింది, కొత్త క్లిక్ పడలేదు. ఈ తేడా తెలియక రీలోడ్‌లనూ బ్యాక్ బటన్ నొక్కినవాటినీ మోసం కింద లెక్కేసి ఫిర్యాదు పంపితే, ఆ ఫిర్యాదు మొదటి చూపులోనే వీగిపోతుంది.

ఇప్పుడు సమయాలు చూడండి. కొత్త జీక్లిడ్‌ల మధ్య ఎడం ప్రతిసారీ సరిగ్గా 2 నిమిషాల 24 సెకన్లు. మనుషులు గడియారం పెట్టుకుని క్లిక్ చేయరు. మధ్యలో ఐపీ చివరి భాగం మారినా లయ చెడలేదు, అంటే రెండింటినీ నడుపుతున్నది ఒకే యంత్రం.

తర్వాత మొత్తం లాగ్‌లో అవే ఐపీల కోసం వెతకండి. మామూలు బ్రౌజర్ ఐతే పేజీతో పాటు బొమ్మలు, స్టైల్ ఫైళ్లు, జావాస్క్రిప్ట్ కూడా అడుగుతుంది. పేజీ ఒక్కటే అడిగి వెళ్లిపోతుంటే సాదా బాట్ అనుకోవచ్చు. సీడీఎన్ ఆ ఫైళ్లను తనే అందిస్తుంటే అవి మీ సర్వర్ దాకా రావు కాబట్టి ఈ పరీక్ష పనిచేయదు, అది గుర్తుంచుకోండి.

చివరగా ఐపీ ఎవరిదో హూఈజ్‌లో (ఐపీ ఏ సంస్థ పేరున ఉందో చూపే సేవలో) చూడండి. క్లౌడ్ కంపెనీదో సర్వర్లు అద్దెకిచ్చే డేటా సెంటర్‌దో అయితే అక్కడి నుంచి కొనుగోలుదారు వచ్చే అవకాశం తక్కువ. మొబైల్ ఆపరేటర్‌దైతే తొందరపడకండి, కారణం ఎనిమిదో మెట్టులో చెప్తాను.

ఒక జాగ్రత్త. యూజర్ ఏజెంట్‌లో "యాడ్స్‌బాట్ గూగుల్" అని కనిపిస్తే అది మీ ల్యాండింగ్ పేజీని తనిఖీ చేసే గూగుల్ ప్రోగ్రాం (క్రాలర్). దాన్ని ఫైర్‌వాల్‌లో (సైట్‌లోకి ఎవరిని రానివ్వాలో తేల్చే రక్షణ గోడలో) ఆపేస్తే పేజీ పనిచేయడం లేదని మీ ప్రకటనలే తిరస్కరణకు గురవుతాయి.

## 6. సెట్టింగ్‌లు బిగించండి

ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే, ఖర్చు కూడా లేదు.

నెట్‌వర్క్‌లు. సెర్చ్ క్యాంపెయిన్ కొత్తగా పెట్టేటప్పుడు సెర్చ్ పార్ట్‌నర్స్, డిస్‌ప్లే రెండింటికీ టిక్ ముందే పెట్టి ఉంటుంది. డిస్‌ప్లే టిక్ తీసేయండి. డిస్‌ప్లే కావాలంటే వేరే క్యాంపెయిన్‌గా, వేరే బడ్జెట్‌తో నడపండి. సెర్చ్ పార్ట్‌నర్స్‌ను నాలుగో మెట్టులో వచ్చిన అంకెల్ని బట్టి తేల్చండి. లీడ్‌కు పడే ఖర్చు సెర్చ్‌తో సమానంగా ఉంటే ఉంచుకోవచ్చు.

లొకేషన్ ఆప్షన్. డిఫాల్ట్‌గా "ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లు, ఆ ప్రాంతంపై ఆసక్తి ఉన్నవాళ్లు" అని ఉంటుంది. అంటే ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్లకైనా మీ ప్రకటన కనిపించే వీలుంది. "ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లు, తరచూ ఉండేవాళ్లు" అనే ఆప్షన్‌కు మార్చండి. పర్యాటకం, రియల్ ఎస్టేట్ లాంటి దూరప్రాంతాల కస్టమర్లు ఉండే వ్యాపారాలకు మాత్రం ఇది ఆలోచించి చేయాల్సిన మార్పు.

ప్లేస్‌మెంట్‌లు. డిస్‌ప్లే క్యాంపెయిన్‌లో ప్రకటనలు ఎక్కడ కనిపించాయో చూపే రిపోర్టును ఖర్చు వరుసలో పేర్చండి. పిల్లల గేమ్‌లు, టార్చ్‌లైట్ యాప్‌లు, పేరు కూడా పలకలేని సైట్‌లు పైన కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఒక్కొక్కటిగా తీస్తూ కూర్చుంటే రేపు ఇంకో వంద వస్తాయి. లీడ్‌లు కావాల్సిన వ్యాపారమైతే యాప్ కేటగిరీలనే మొత్తంగా మినహాయించడం మేలు. అకౌంట్ స్థాయిలో పెట్టిన మినహాయింపుల జాబితా పెర్ఫార్మెన్స్ మ్యాక్స్‌కు (గూగుల్ అన్ని చోట్లా తనే ప్రకటనలు నడిపే క్యాంపెయిన్ రకానికి) కూడా వర్తిస్తుంది.

మెటాలో ప్లేస్‌మెంట్‌లను చేత్తో ఎంచుకుని ఆడియన్స్ నెట్‌వర్క్ (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ బయటి యాప్‌లలో ప్రకటనలు చూపే ఏర్పాటు) టిక్ తీసేయండి. లింక్ క్లిక్‌లకూ ల్యాండింగ్ పేజ్ వ్యూలకూ మధ్య పెద్ద అగాథం ఉంటే, సాధారణంగా దీంతోనే చాలావరకు పూడిపోతుంది.

బిడ్డింగ్, అంటే క్లిక్‌కు ఎంత పెట్టాలో గూగుల్ ఏ లక్ష్యంతో తేల్చాలనేది. "మాగ్జిమైజ్ క్లిక్స్" పెట్టుకుని క్లిక్‌లు పనికిరానివని బాధపడటంలో అర్థం లేదు. మీరు అడిగింది చవక క్లిక్‌లు, అది అవే తెస్తుంది. ట్రాకింగ్ శుభ్రంగా ఉంటే కన్వర్షన్ ఆధారిత బిడ్డింగ్‌కు మారండి. శుభ్రంగా లేకపోతే ముందు తర్వాతి మెట్టు పూర్తిచేయండి.

ఖరీదైన కీవర్డ్‌లకు వేరే క్యాంపెయిన్. దాడి ఎక్కువగా ఖరీదైన రెండు మూడు కీవర్డ్‌ల మీదే పడుతుంది. అవి మిగతావాటితో ఒకే బడ్జెట్ పంచుకుంటే ఒక్కదాని వల్ల అన్నీ ఆగిపోతాయి. విడదీస్తే నష్టం అక్కడికే పరిమితం. గంటకోసారి ఖర్చు చూసి, మామూలు కన్నా మూడింతలు దాటితే మెయిల్ పంపే స్క్రిప్ట్‌ను ఈ క్యాంపెయిన్‌కు పెట్టించుకోండి.

## 7. ఫారాన్ని, కన్వర్షన్‌ను కాపాడండి

క్లిక్‌కు పోయిన డబ్బు ఒక్కసారి పోతుంది. దొంగ లీడ్ కన్వర్షన్‌గా నమోదైతే నష్టం అక్కడితో ఆగదు. బిడ్డింగ్ యంత్రం "ఇలాంటివాళ్లు కావాలన్నమాట" అని నేర్చుకుని, అలాంటి ట్రాఫిక్‌నే ఇంకా తెస్తుంది. బాట్‌లు ఫారం నింపుతున్న అకౌంట్‌లో రిపోర్టులు అద్భుతంగా కనిపిస్తాయి, కన్వర్షన్ ఖర్చు తగ్గుతూ ఉంటుంది, అవతల సేల్స్ టీమ్ మాత్రం "నంబర్లన్నీ తప్పు" అని మొత్తుకుంటూ ఉంటుంది. ఈ రెండు మాటలూ ఒకేసారి వినిపిస్తే సేల్స్ టీమ్‌నే నమ్మండి.

బటన్ నొక్కితే కన్వర్షన్ పడకూడదు. సర్వర్ ఫారాన్ని తనిఖీ చేసి అంగీకరించాకే ట్యాగ్ పనిచేయాలి. థ్యాంక్యూ పేజీని నేరుగా తెరిచినా కన్వర్షన్ పడుతుంటే అదొక చిల్లు. ఫారం నింపకుండా ఆ పేజీ అడ్రస్ టైప్ చేసి పరీక్షించండి. లీడ్‌లకు కౌంట్ సెట్టింగ్ "ప్రతీది" కాకుండా "ఒకటి" ఉండాలి.

ఉచ్చు ఫీల్డ్. మనుషులకు కనిపించని ఒక ఫీల్డ్ ఫారంలో పెట్టండి. హనీపాట్ అంటారు. బాట్ దాన్నీ నింపేస్తుంది, దొరికిపోతుంది. దీంట్లో ఒక చిక్కుంది. ఆ ఫీల్డ్‌కు "ఫోన్ 2", "కంపెనీ" లాంటి పేరు పెడితే నిజమైన కస్టమర్ బ్రౌజర్‌లోని ఆటోఫిల్ కూడా నింపేయొచ్చు. అర్థంలేని పేరు పెట్టి ఆటోఫిల్ ఆపండి. అప్పటికీ ఆ లీడ్‌లను చెత్తబుట్టలో వేయకండి, "అనుమానం" అని గుర్తుపెట్టి కన్వర్షన్ మాత్రం లెక్కించకండి.

సమయం. పేజీ తెరిచిన రెండు సెకన్లలో ఆరు ఫీల్డ్‌లు నింపి పంపేవాడు మనిషి కాదు. మూడు నాలుగు సెకన్ల హద్దు పెడితే సాదా బాట్‌లు చాలావరకు ఆగుతాయి.

రీక్యాప్చా, అంటే వచ్చింది మనిషో బాటో పరీక్షించే గూగుల్ టూల్. దాని మూడో వెర్షన్ పజిల్ చూపించదు, 0.0 నుంచి 1.0 దాకా స్కోరు ఇస్తుంది. 0.5తో మొదలుపెట్టి, మొదటి వారం ఎవరినీ ఆపకుండా స్కోర్లు మాత్రం రాసుకోండి. మంచి లీడ్‌లకు ఎంత వస్తోందో తెలిశాక హద్దు నిర్ణయించండి. స్కోరు తనిఖీ సర్వర్ వైపు జరగాలి. బ్రౌజర్‌లో మాత్రమే జరిగితే అది ఉన్నా లేనట్టే.

ఓటీపీ. దొంగ నంబర్లను ఇంత గట్టిగా ఆపేది ఇంకోటి లేదు. అయితే నిజమైనవాళ్లలో కొందరు కూడా అక్కడే ఆగిపోతారు. ఒక్కో లీడ్ విలువ ఎక్కువగా ఉన్నచోట, మిగతావి చాలనప్పుడు వాడండి.

పనికొచ్చిన లీడ్‌లను వెనక్కి పంపండి. రెండో మెట్టులో దాచిన జీక్లిడ్ ఇక్కడ అక్కరకొస్తుంది. సేల్స్ టీమ్ ఫోన్ చేసి "నిజమైన లీడ్" అని తేల్చినవాటిని ఆఫ్‌లైన్ కన్వర్షన్‌లుగా గూగుల్‌కు అప్‌లోడ్ చేయండి, బిడ్డింగ్‌కు దాన్నే ప్రధాన కన్వర్షన్‌గా పెట్టండి. క్లిక్ పడ్డ 90 రోజుల లోపే ఇది జరగాలి. వారానికోసారి చేసినా చాలు. బాట్ ఎన్ని ఫారాలు నింపినా, మనిషి ఫోన్ ఎత్తి మాట్లాడితే తప్ప అది లెక్కలోకి రాదు. ఈ గైడ్‌లో ఒక్కటే చేసే ఓపిక ఉందంటే, ఇది చేయండి.

ప్రకటన నుంచే కాల్స్ వచ్చేలా పెట్టుకున్నవాళ్లు కాల్ ఎన్ని సెకన్లు సాగితే కన్వర్షనో సరిచూసుకోండి. మీ వ్యాపారంలో నిజమైన సంభాషణకు పట్టేంత సేపు ఉండాలి.

## 8. ఐపీ బ్లాకింగ్: ఎప్పుడు, ఎంతవరకు

గూగుల్ యాడ్స్‌లో ఒక క్యాంపెయిన్‌కు 500 ఐపీ ఎంట్రీల దాకా మినహాయించవచ్చు. చివరి భాగంలో నక్షత్రం గుర్తు పెడితే ఆ వరుసలోని 256 అడ్రస్‌లూ ఒకే ఎంట్రీలో పోతాయి. పై ఉదాహరణలో 203.0.113.37, 203.0.113.52 రెండూ డేటా సెంటర్‌వే అని తేలితే 203.0.113.* అని ఒక్క ఎంట్రీ చాలు.

ముందుగా బ్లాక్ చేయాల్సినవి మీ ఆఫీసు, మీ ఏజెన్సీ ఐపీలు. తర్వాత లాగ్‌లో తేలిన డేటా సెంటర్ వరుసలు.

మొబైల్ ఆపరేటర్ ఐపీలను మాత్రం ముట్టుకోకండి. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే పబ్లిక్ ఐపీని ఒకేసారి ఎంతోమంది పంచుకుంటారు. ఈరోజు దొంగ వాడిన అడ్రస్ రేపు మీ కస్టమర్‌కు వస్తుంది. దొంగేమో ఫోన్‌లో ఫ్లైట్ మోడ్ పెట్టి తీస్తే ఇంకో ఐపీతో వస్తాడు. జాబితా పెరుగుతుంది, దొంగ తిరుగుతూనే ఉంటాడు, మీ ప్రకటన మంచివాళ్లకు కనిపించడం తగ్గుతుంది.

సైట్ ఫైర్‌వాల్‌లో బ్లాక్ చేస్తే చాలదా అని అడుగుతారు. ఫైర్‌వాల్ ఆపేది క్లిక్ పడిన తర్వాత, అప్పటికే మీ డబ్బు పోయింది. యాడ్స్‌లో మినహాయిస్తేనే ప్రకటన కనిపించకుండా పోతుంది. ఫైర్‌వాల్ ఫారం స్పామ్‌ను ఆపడానికి పనికొస్తుంది.

బ్లాక్ చేసిన ప్రతి ఎంట్రీ పక్కన తేదీ, కారణం రాసుకోండి. మూడు నెలలు దాటినవాటిని తీసేసి చూడండి.

## 9. ఫిర్యాదు చేయడం

ముందు బిల్లింగ్‌లో లావాదేవీల పేజీ చూడండి. గూగుల్ తర్వాత కనిపెట్టినవాటికి "ఇన్వాలిడ్ యాక్టివిటీ" పేరుతో క్రెడిట్ వేస్తుంది. మీరు అడగబోయేది ఇప్పటికే వచ్చి ఉండొచ్చు.

రాకపోతే క్లిక్ క్వాలిటీ ఫారం నింపండి. ఛార్జీ పడిన 60 రోజుల లోపే వెళ్లండి. పంపాల్సినవి:

- అకౌంట్ నంబర్, క్యాంపెయిన్, కీవర్డ్ పేర్లు
- అనుమానం ఉన్న తేదీలు, గంటలు, టైమ్ జోన్‌తో సహా
- ఐపీలు, వాటికి ఎదురుగా వేర్వేరు జీక్లిడ్‌లు ఉన్న లాగ్ ముక్క
- మామూలు వారం అంకెలు, ఈ వారం అంకెలు పక్కపక్కన
- మీరు చేసిన మార్పుల తేదీలు

"మా పోటీదారు ఫలానావాడే చేస్తున్నాడు" అని రాయకండి. అది మీరు రుజువు చేయలేరు, గూగుల్‌కు అవసరమూ లేదు. కోపంతో పోటీదారు ప్రకటన మీద మీరూ క్లిక్‌లు మొదలుపెట్టడం అంతకన్నా తెలివితక్కువ పని. లాగ్‌లు ఆ పోటీదారు దగ్గరా ఉంటాయి.

అడిగినంతా తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవద్దు. "ఇప్పటికే వడకట్టాం" అనే జవాబు రావడం మామూలే. జీక్లిడ్‌లతో, గంటల లెక్కతో పంపిన ఫిర్యాదుకు మాత్రం ఉత్త అనుమానంతో పంపిన దానికన్నా బలం ఎక్కువ.

## 10. టూల్ కొనాలా?

క్లిక్ ఫ్రాడ్ ఆపుతామనే సర్వీసులు చాలా ఉన్నాయి. చాలావాటి పద్ధతి ఒకటే: మీ పేజీలో ట్యాగ్ పెట్టి, అనుమానం వచ్చిన ఐపీలను మీ మినహాయింపుల జాబితాలోకి ఆటోమేటిక్‌గా ఎక్కిస్తాయి. 500 హద్దు వాటికీ వర్తిస్తుంది కాబట్టి పాతవి తీసి కొత్తవి పెడుతుంటాయి.

ఆరు, ఏడు మెట్లు పూర్తికాకుండా కొనకండి. కొంటే ట్రయల్‌లో రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టండి. గూగుల్ ఇప్పటికే వడకట్టిన క్లిక్‌లను "మేం ఆదా చేశాం" అని లెక్క చూపిస్తోందా? మొబైల్ ఐపీలను ఎడాపెడా బ్లాక్ చేస్తోందా? దాని డాష్‌బోర్డ్‌లో ఆదా అంకె చూసి మురిసిపోకుండా, పనికొచ్చిన ఒక్కో లీడ్‌కు అయ్యే ఖర్చు తగ్గిందో లేదో మీ షీట్‌లో చూసుకోండి.

## 11. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

దాడి అనగానే క్యాంపెయిన్ మొత్తం ఆపేయడం. దెబ్బ తగిలిన కీవర్డ్‌నో నెట్‌వర్క్‌నో ఆ గంటలకు ఆపండి. మొత్తం ఆపితే దొంగకు కావాల్సింది అదే.

ఒకే రోజు ఐదు మార్పులు చేయడం. ఏది పనిచేసిందో తెలియదు. నెట్‌వర్క్, లొకేషన్ మార్పులు ముందు చేసి, వారం చూసి, తర్వాతిది మొదలుపెట్టండి.

బౌన్స్ రేటే (వచ్చి ఏమీ చేయకుండా వెళ్లిపోయినవాళ్ల శాతమే) రుజువు అనుకోవడం. ఫోన్ నంబర్ చూసి కాల్ చేసి వెళ్లిపోయిన కస్టమర్ కూడా అనలిటిక్స్‌లో బౌన్స్‌గానే కనిపించొచ్చు. ఇంకో రెండు ఆనవాళ్లు తోడైతేనే లెక్కలోకి తీసుకోండి.

బాట్ లీడ్‌లతో పాడైన రోజులను అలాగే వదిలేయడం. ఆ దొంగ కన్వర్షన్‌లను కన్వర్షన్ సర్దుబాటు ద్వారా ఉపసంహరించుకునే వీలుంది. జీక్లిడ్ దాచి ఉంటే సులువు.

## 12. ప్రతి వారం చూడాల్సినవి

సోమవారం అరగంట చాలు.

- ఇన్వాలిడ్ క్లిక్ రేట్ గత వారాలతో పోలిస్తే ఎలా ఉంది
- నెట్‌వర్క్ వారీగా ఖర్చు, లీడ్‌లు
- డిస్‌ప్లేలో ఖర్చు ఎక్కువైన మొదటి 20 ప్లేస్‌మెంట్‌లు
- యూజర్ల అసలు లొకేషన్‌లో కొత్త పేర్లు
- సేల్స్ టీమ్ తప్పు నంబర్లుగా గుర్తించిన లీడ్‌లు ఏ క్యాంపెయిన్‌వి
- పనికొచ్చిన లీడ్‌ల అప్‌లోడ్

నెలకోసారి ఫారాన్ని మీరే నింపి, లీడ్ షీట్‌లో జీక్లిడ్ పడిందో లేదో చూడండి. సైట్ థీమ్ మార్చినప్పుడల్లా ముందుగా చెడిపోయేది ఆ కనిపించని ఫీల్డే.